గాలిలో తేలే కొండల మీద ఎవరుంటారు?

(యువ చిత్రకారుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



'చిత్రకళ - మనం' అనే విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. ఈ విషయం మీద మామూలుగా ఎవరైనా ఏం చెబుతారో మీకూ తెలుసు. మన డప్పు గీయండి, మన చెప్పు గీయండి, మన గాయం గీయండి అంటారు. చెప్పి శాలువా కప్పించుకుని పోతారు. అవి గీయాల్సిందే. గీయొద్దని నేననను. కానీ మన పిల్లోడు ఒక ఎగిరే చేపనో, నీలంరంగు చెట్టునో, ఎక్కడా లేని ఊరినో గీస్తే వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు, 'ఇందులో మీ బతుకేది?' అని. పెద్ద కులం పిల్లోడు అదే గీస్తే ఆ మాట ఎవరూ అడగరు. ఆహా, ఎంత ఊహ అంటారు! వాళ్ళకి ఊహలూ మనకి గాయాలూ అని ఈ పంపకం చేసిందెవరు? ఈ పూట నేను అడగదలుచుకున్న ప్రశ్న ఇదే.

దీనికోసం ఒక చిత్రకారుణ్ణి తీసుకుంటున్నాను. జీవితమంతా లేని లోకాలే గీసినవాడు. పేరు రోజర్ డీన్. ఇంగ్లండు వాడు. ఇంగ్లండు వాడితో మనకేం పని అని వెనకాల తమ్ముడు గొణుగుతున్నాడు. పని ఉంది తమ్ముడూ, ఓపిక పట్టు.

డీన్ 1944లో ఇంగ్లండులో కెంట్ జిల్లా యాష్‌ఫర్డ్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఇంజనీరు. ఆ ఉద్యోగం ఎటుపోతే అటు కుటుంబం పోయింది. గ్రీసు, సైప్రస్, హాంకాంగ్ తిరిగి 1959లో మళ్ళీ ఇంగ్లండు చేరారు. 1961లో కాంటర్‌బరీ ఆర్టు కాలేజీలో చేరాడు. అక్కడ నేర్చుకున్నదేమిటి? వెండిపని, కుర్చీలు బల్లల తయారీ. ఆ తర్వాత లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో 1968 దాకా చదివాడు. అక్కడా కుర్చీలే. మన దగ్గర దీన్ని కంసాలి పని, వడ్రంగి పని అంటారు. మన దేశంలో ఈ విద్యని కాలేజీల కంటే కులాలే ఎక్కువ నేర్పాయి. నేర్పినందుకు కులానికి కింది మెట్టు ఇచ్చారు గానీ పట్టా ఇవ్వలేదు. అక్కడ పట్టా ఇచ్చారు. అది తేడా.

1968లో ఒక సంగీత బృందం వాళ్ళ రికార్డుకి అట్ట మీద బొమ్మ వేసే పని దొరికింది. ఇప్పటి పిల్లలు ఎల్.పి. రికార్డు చూసి ఉండరు. నల్లటి పెద్ద పళ్ళెంలా ఉండేది. దానికి 12 అంగుళాల పైన చదరం అట్ట. ఆ అట్టే అతని గోడ, అతని గ్యాలరీ. 1971లో ఒసిబిసా అనే బృందానికి వేశాడు. ఈ ఒసిబిసా గురించి ఒక్క మాట చెప్పాలి. 1969లో లండన్‌లో పుట్టిన బృందం. ఘనా నుంచి వచ్చిన నల్లవాళ్ళు, గ్రెనడా, ట్రినిడాడ్, ఆంటిగువా దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్ళు కలిసి పెట్టుకున్నారు. అంటే ఓడల్లో గొలుసులేసి తోలుకుపోయిన వాళ్ళ వారసులు, గొలుసు పడకుండా ఆఫ్రికాలో మిగిలిన వాళ్ళ వారసులు ఒక చోట కూర్చుని డోళ్ళు వాయించారన్నమాట.

వాళ్ళ మొదటి రికార్డుకి డీన్ ఏం గీశాడు? ఎగిరే ఏనుగులు. వాటికి పురుగు రెక్కలు. ఆఫ్రికా అనగానే తెల్లోడికి ఏనుగు గుర్తొచ్చింది, ఆ మాట అనాలి, అంటున్నాను. కానీ నేల మీద తిరిగే అన్నిటికన్నా బరువైన జంతువుకి రెక్కలిచ్చి లేపాడు. ఒసిబిసా వాళ్ళు ఆ ఏనుగునే తమ గుర్తుగా పెట్టుకున్నారు. మమ్మల్ని ఏడుస్తూ గీయలేదేమని అడగలేదు. ఎగరటం వాళ్ళకీ కావాలి కదా!

అదే ఏడాది యెస్ అనే ఇంగ్లండు బృందానికి 'ఫ్రాజైల్' అనే రికార్డు అట్ట వేశాడు. చిన్న గ్రహం, పెళుసుగా ఉంటుంది, పక్కన చెక్క పడవలాంటి ఓడ గాల్లో పోతుంటుంది. వెనక అట్ట చూస్తే ఆ గ్రహం పగులుతోంది. 1973లో 'యెస్‌సాంగ్స్' అనే మూడు రికార్డుల కట్టకి ఆ కథే పొడిగించాడు. పగిలిన గ్రహం ముక్కలు అంతరిక్షంలో తేలుతూ పోయి ఇంకో చోట దిగి, అక్కడ కొత్త జీవం పుడుతుంది. మధ్యలో 1972లో 'క్లోజ్ టు ది ఎడ్జ్'. అట్ట విప్పితే కొండ కొసన ఒక చెరువు, అంచుల మీంచి నీళ్ళు కిందికి పొర్లిపోతుంటాయి. ఇన్ని నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియదు, కానీ ఎండిపోదు.

ఇవన్నీ గాల్లోంచి వచ్చాయనుకోకండి. 1973లోనే 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' అనే రికార్డుకి వేసిన బొమ్మలో చుక్కల ఆకాశం కింద చేపలు ఈదుతుంటాయి. అందులో బండలు ఇంగ్లండులో నిజంగా ఉన్న బండలు. బ్రిమ్‌హామ్ రాళ్ళు, ఏవ్‌బరీ రాళ్ళు, స్టోన్‌హెంజ్ రాళ్ళు. దూరంగా మెక్సికోలో మాయా జనం కట్టిన గుడి. నేల మీద పెరూ దేశపు నాజ్కా గీతలు. నేను ఫాంటసీ చిత్రకారుణ్ణి కాదు, ప్రకృతి దృశ్యాలు గీసేవాణ్ణి అని డీన్ తన గురించి చెప్పుకుంటాడు. మనం ఈ మాట పట్టుకోవాలి. రాయి గీయటం వచ్చినవాడే గాల్లో రాయిని నిలబెట్టగలడు. నీటిరంగు, గువాష్, సిరా, కాయితం ముక్కల అతుకు, అన్నీ వాడాడు. పని వచ్చు అతనికి.

ఇంత పని వచ్చినవాణ్ణి పెద్ద గ్యాలరీల వాళ్ళు ఏమన్నారు? ఇలస్ట్రేటర్ అన్నారు, కమర్షియల్ ఆర్టిస్టు అన్నారు. అక్కడా ఒక మెట్ల వరస ఉంది మరి. పైమెట్టు మీద గ్యాలరీలో వేలాడే నూనెరంగుల బొమ్మ. కింది మెట్టు మీద అట్ట, పోస్టరు, పుస్తకం బొమ్మ. కింది మెట్టు బొమ్మల్ని లక్షలమంది ఇళ్ళకి తీసుకుపోయి గోడలకి అంటించుకున్నారు. 1975లో 'వ్యూస్' అని తన బొమ్మల పుస్తకం తనూ తమ్ముడూ పెట్టుకున్న సొంత ప్రచురణ సంస్థ నుంచే వేసుకున్నాడు. విపరీతంగా అమ్ముడైంది. పైమెట్టు వాళ్ళు తలుపు తీస్తారని చూస్తూ కూర్చోలేదు.

ఇక్కడున్న మీలో చాలామంది షాపు బోర్డులు రాసినవాళ్ళు. ఎలక్షన్లలో గోడలు రాసినవాళ్ళు, సినిమా బ్యానర్లు కట్టినవాళ్ళు. ఫ్లెక్సీ మిషను వచ్చి ఆ కూడు కూడా లాక్కుంది. మీ చేతిని కూడా కళ అనలేదు, పెయింటరు అన్నారు. 'ఏయ్ పెయింటర్, ఇటు రా' అన్నారు. కాబట్టి ఈ మెట్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంగ్లండులో అది డబ్బూ హోదాల మెట్లు. మన దగ్గర వాటికి తోడు పుట్టుక కూడా.

ఇక అసలు ప్రశ్నకొస్తాను. డీన్ బొమ్మలు పెట్టుకుని తీరిగ్గా చూడండి. చెట్టు కొమ్మల్లా వంగిన రాతి కమాన్లు. ఒక కొండ నుంచి ఇంకో కొండకి సన్నటి వంతెనలు. బండల్లో తొలిచిన మెట్లు, బాటలు. చాలా బొమ్మల్లో మనిషన్నవాడే లేడు. ఉన్నచోట కూడా చీమంత. నాకు ఆ బొమ్మలు ఇష్టం. ఇష్టపడుతూనే అడుగుతున్నాను. ఆ వంతెన ఎవరు కట్టారు? ఆ మెట్లు ఎవరు తొలిచారు? రాళ్ళు మోసినవాళ్ళు ఇప్పుడెక్కడ ఉన్నారు? ఇది మన కన్ను అడిగే ప్రశ్న. తాతల కాలం నుంచి చెరువు కట్టలు పోసి, బావులు తవ్వి, అదే బావి దగ్గర దూరంగా నిలబడ్డవాళ్ళకి ఖాళీగా ఉన్న అందమైన చోటు చూడగానే ఈ అనుమానం వస్తుంది.

ఇది డీన్ ఒక్కడి లోపం కాదు. ఇంగ్లండు ప్రకృతి చిత్రకళకే పాత జబ్బు. లండన్ నేషనల్ గ్యాలరీలో గెయిన్స్‌బరో అనే ఆయన 1750 ప్రాంతంలో వేసిన బొమ్మ ఉంది. ఆండ్రూస్ అనే భూస్వామి, అతని భార్య, తమ పొలంలో చెట్టుకింద దర్జాగా ఉంటారు. పక్కన కోసి కట్టిన పంట కట్టలు వరసగా నిలబెట్టి ఉంటాయి. కోసిన చేతులు మాత్రం బొమ్మలో లేవు. జాన్ బెర్జర్ అనే విమర్శకుడు 1972లో ఈ బొమ్మ చూపించి, ఇది ప్రకృతి ప్రేమ ఒక్కటే కాదు, ఆస్తి ప్రదర్శన కూడా అని వాదించాడు. దాన్నీ డీన్‌నీ ఒకే గాటన కట్టను. డీన్ కొండల మీద భూస్వామి కూడా లేడు. ఆ నేల ఎవడి పేరా పట్టా అయి లేదు. అందుకే అది మనసుకి హాయిగా ఉంటుంది. కానీ కూలివాణ్ణి చెరిపితే పోయేది కూలివాడే, కూలి పోదు.

ఇప్పుడు కోర్టు కథ. 2009లో జేమ్స్ కామెరాన్ 'అవతార్' సినిమా వచ్చింది. పండోరా అనే లోకం, గాల్లో తేలే కొండలు, వాటి మీంచి కారే జలపాతాలు, రాతి కమాన్లు. మీరంతా చూసే ఉంటారు. డీన్ బొమ్మలు తెలిసినవాళ్ళు చూడగానే అరె, ఇది ఆయనది కదా అన్నారు. 2010లో ఒక పత్రిక వాళ్ళు ఆ మాటే అడిగితే, అయ్యుండొచ్చు అన్నట్టు కామెరాన్ నవ్వేశాడు. సినిమా 270 కోట్ల డాలర్ల పైన వసూలు చేసింది. 2013లో డీన్ న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో 5 కోట్ల డాలర్లకి దావా వేశాడు. 2014 సెప్టెంబరులో జడ్జి జెస్సీ ఫర్మన్ దావా కొట్టేశాడు.

జడ్జి చెప్పిన సూత్రం ఏమిటంటే, కాపీరైటు నువ్వు గీసిన గీతకి ఉంటుంది, నీకొచ్చిన ఊహకి ఉండదు. గాల్లో తేలే నేల నీ ఒక్కడి సొత్తు కాదు, 1726లో స్విఫ్ట్ రాసిన 'గలివర్ ప్రయాణాలు' నాటికే ఆ ఊహ ఉంది అని ఎత్తి చూపాడు.

దీని మీద మన మాట ఏమిటి? రెండు వైపులా చూడాలి. ఊహకి కంచె వేయకూడదన్న మాట మంచిదే. కంచె వేస్తే మొదట బయటపడేది మనమే. మబ్బుల్లో తేలుతున్నట్టుండే కొండల్ని చైనా చిత్రకారులు వందల ఏళ్ళ కిందే గీశారు. హాంకాంగ్‌లో తిరిగిన పిల్లోడి కళ్ళలో అవి పడలేదని ఎవరనగలరు? సినిమా వాళ్ళూ చైనా కొండల్నే చూశామన్నారు. 2010 జనవరిలో చైనాలో జాంగ్‌జియాజియే దగ్గర ఒక రాతిస్తంభానికి ఉన్న పాత పేరు, దక్షిణాకాశ స్తంభం, దాన్ని తీసి సినిమాలోని హాలెలూయా కొండ పేరు పెట్టుకున్నారు, టూరిస్టుల కోసం. కొండ అక్కడే ఉంది, పేరు అమెరికా పోయి వచ్చింది!

రెండో వైపు. ఊహ అందరిదీ అంటారు సరే, వసూళ్ళు అందరివీ అనరు. కంచె లేని పొలంలో ఎవరైనా మేపుకోవచ్చు. అయితే ఎవడికి ఎక్కువ పశువులుంటే వాడిదే మేత. రేపు మీరు గోడ మీద గీసిన బొమ్మ ఒక కంపెనీ చీర మీదికి ఎక్కుతుంది. అప్పుడు ఇది జానపదం, ఇది అందరిదీ అంటారు. అందుకని గీసిన ప్రతి బొమ్మ కింద పేరు, తేదీ రాయండి. ఫొటో తీసి దాచుకోండి. గీత మీదే హక్కు ఉంటుందని కోర్టే చెప్పింది కదా, ఆ గీతకైనా సాక్ష్యం పెట్టుకోండి.

జడ్జి గలివర్ పుస్తకం పేరెత్తాడు గానీ అందులో ఆ తేలే దీవి చేసే పని చెప్పలేదు, ఆయనకి అవసరం లేదు. మనకి అవసరం. దాని పేరు లపుటా. రాజు, ఆయన కొలువు దీవి మీద ఉంటారు, జనం కింద నేల మీద. కింద ఏ ఊరైనా తిరగబడితే రాజు దీవిని తెచ్చి ఆ ఊరి నెత్తిన నిలబెడతాడు. ఎండ ఉండదు, వాన ఉండదు, పంట ఉండదు. పైనుంచి రాళ్ళు వేయిస్తాడు. ఇంకా లొంగకపోతే దీవినే ఊరిమీద పడేస్తానంటాడు. ఆ పని చేయటానికి మంత్రులు ఒప్పుకోరు. ఎందుకంటే వాళ్ళ భూములు కిందే ఉన్నాయి! లిండలినో అనే ఊరు తిరగబడి, అయస్కాంతాలు పెట్టిన బురుజులు కట్టి, దీవినే కిందికి లాగే ఏర్పాటు చేసి రాజుని దారికి తెచ్చిన కథ కూడా స్విఫ్ట్ రాశాడు. ఆ భాగాన్ని 1899 దాకా ఎవరూ అచ్చు వేయలేదు. 170 ఏళ్ళ పైన. దీవి కథ అచ్చు వేశారు, దాన్ని లాగినవాళ్ళ కథ ఆపేశారు.

మన దగ్గరా తేలే లోకం ఉంది. త్రిశంకు స్వర్గం అని మాటవరసకి వాడేస్తుంటాం. ఇటూ అటూ కానివాణ్ణి అలా అంటాం. వాల్మీకి రామాయణం బాలకాండలో కథ చూడండి. త్రిశంకుడు ఇక్ష్వాకు రాజు. బొందితో స్వర్గానికి పోతానన్నాడు. వసిష్ఠుడు కుదరదన్నాడు, వసిష్ఠుడి కొడుకులు చండాలుడివి కమ్మని శపించారు. విశ్వామిత్రుడు పంపిస్తే పైకి పోయాడు. ఇంద్రుడు తలకిందులుగా తోసేశాడు. అప్పుడు విశ్వామిత్రుడు కొత్త నక్షత్రాలు సృష్టించి ఆకాశంలోనే అతనికి చోటు పెట్టాడు. పుట్టుకతో రాజైనవాడికే చండాల ముద్ర పడేసరికి స్వర్గం తలుపు మూసుకుంది. మరి పుట్టుకతోనే ఆ ముద్ర వేసినవాళ్ళ మాటేమిటి? మన సామెతలో ఆ వేలాట మిగిలింది, తోసింది ఎవరో మాత్రం రాలిపోయింది.

చూశారా, తేలే లోకం అన్నిచోట్లా ఒకటి కాదు. స్విఫ్ట్ దీవి కిందివాణ్ణి తొక్కే రాజ్యం. రామాయణంలో అది లోపలికి రానివ్వని స్వర్గం బయట వేలాడే చోటు. డీన్ దగ్గర పగిలిపోయిన లోకం నుంచి బయటపడ్డ ముక్క. కాబట్టి కొత్త లోకం గీశాడనగానే చప్పట్లు కొట్టనక్కర్లేదు, పారిపోయాడని తిట్టనక్కర్లేదు. ఆ లోకంలోకి ఎవరికి ప్రవేశం ఉందో, ఎవరు పని చేస్తారో, ఎవరు తింటారో అడిగితే చాలు.

ఈ ప్రశ్నలు బొమ్మల దగ్గరే ఆగవు. మన పార్వతీపురం దాటితే ఒడిశాలో రాయగడ జిల్లా. అక్కడ నియమగిరి కొండలు. డోంగ్రియా కోందులకి ఆ కొండ నియమరాజు, దేవుడు. దాని నెత్తిన బాక్సైటు ఉంది. వేదాంత కంపెనీకి అది కావాలి. 2010 ఫిబ్రవరిలో సర్వైవల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ హాలీవుడ్ పత్రిక 'వెరైటీ'లో ప్రకటన వేసి, మీ సినిమా కథ ఇక్కడ నిజంగా జరుగుతోంది, సాయం చేయండి అని కామెరాన్‌కి విజ్ఞప్తి చేసింది. సినిమాలో అడవి జనాన్ని కాపాడటానికి బయటినుంచి ఒక తెల్ల సిపాయి రావాలి. నియమగిరిలో ఏం జరిగింది? 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభల్ని అడగమంది. 12 గ్రామసభలు పెట్టారు. 12కి 12 ఒప్పుకోమన్నాయి. ఆడామగా లేచి నిలబడి, ఈ కొండ మాది, ఇవ్వం అన్నారు. ఏ సిపాయీ రాలేదు. ఆ జనం ఏళ్ళ తరబడి చేసిన పోరాటమే కొండని కాపాడింది.

నాకు డీన్ బొమ్మలో కనపడని మనిషి అక్కడ కనపడ్డాడు. కొండ ఉంది, వాగు ఉంది, దాని మీద బతికేవాళ్ళు ఉన్నారు, మాట్లాడుతున్నారు. ఇక ఇలాంటి కొండని డీన్ అంత అందంగా ఎవరు గీస్తారు? ఆ అందం వదులుకోమని నేననను. అందం వాళ్ళకి వదిలేసి కష్టం మనం ఉంచుకుంటే పంపకం మళ్ళీ పాతదే అవుతుంది.

ఊహించడం మనకి కొత్త కాదు. చెప్పులు కుట్టిన రవిదాసు వందల ఏళ్ళ కింద బేగంపురా అని ఒక ఊరు ఊహించాడు. దుఃఖం లేని ఊరు, పన్నుల భయం లేని ఊరు, ఎవరైనా ఎక్కడైనా తిరగగలిగే ఊరు. ఆ ఊరు ఏ పటంలోనూ లేదు. అయినా ఆయన దాన్ని మనుషులతో నింపాడు, వాళ్ళని తన నేస్తాలన్నాడు. దాన్ని బొమ్మలో చూపించే పని ఇంకా ఎంతో మిగిలే ఉంది.

తమ్ముడూ, చెల్లీ, మీరు ఎగిరే కొండ గీయండి. నీలం చెట్టు గీయండి. ఎవడైనా వచ్చి ఇందులో మీ బతుకేదని అడిగితే, మా బతుకు ఇలా ఉండాలని గీశామని చెప్పండి. వంతెన గీస్తే దాని మీద నడిచేవాళ్ళనీ గీయండి, కట్టినవాళ్ళనీ గీయండి. కట్టి అలిసిపోయి ఆ కొండ అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు గీయండి. చెరువు గీస్తే అందరూ దిగే రేవు పెట్టండి. ముందు మాత్రం రాయిని రాయిలా గీయటం నేర్చుకోండి. డీన్ ఏళ్ళ తరబడి చేత్తో పని నేర్చాకే కొండని గాల్లో నిలబెట్టాడు. దానికి అడ్డదారి లేదు.

భోజనాల టైమయింది, అధ్యక్షులు గడియారం చూపిస్తున్నారు. తిన్నాక రంగుల క్లాసు ఉంది, ఎవరూ వెళ్ళిపోకండి. ఇవాళ గీసినవి సాయంత్రం ఈ గోడకే వేలాడదీద్దాం. ప్రతిదాని కిందా పేరు ఉండాలి, మర్చిపోకండి.

జైభీమ్.